క్రాబ్ స్టిక్స్ శాండ్‌విచ్ తియ్యగా, తడిగా ఎందుకొస్తోంది?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటాం. మా అబ్బాయి స్కూల్ పాట్‌లక్‌లో (తలా ఒక వంటకం తెచ్చుకునే విందులో) ఎవరో తెచ్చిన సీఫుడ్ సలాడ్ శాండ్‌విచ్ తిన్నాడు. అప్పట్నుంచి అదే కావాలని ఒకటే గొడవ. స్టోర్‌లో ఇమిటేషన్ క్రాబ్, అదే పీత రుచితో కర్రల్లా వచ్చే క్రాబ్ స్టిక్స్, ప్యాకెట్ కొని, మయొనైజ్ కలిపి నేనూ చేశాను. కాసేపటికే నీళ్ళూరి బ్రెడ్డు ముద్దయిపోయింది, పైగా తియ్యగా ఉంది. రెండోసారి అల్లం వెల్లుల్లి, కారం వేసి వేయిస్తే ముక్కలు రబ్బరులా సాగాయి. ఈలోగా అమలాపురం నుంచి మా అత్తగారు వచ్చారు. "ఇందులో పీతెక్కడుందమ్మా?" అంటున్నారు. హైదరాబాద్‌లో మయొనైజ్‌ని బ్యాన్ చేశారని వార్తల్లో చూశారట, అదో టెన్షన్. ఆవిడకు బీపీ, షుగర్ ఉన్నాయి. మా వారికి రొయ్యలు, పీతలు పడవు, తింటే ఒళ్ళంతా దద్దుర్లు. ఇది అసలు పీత కాదు కాబట్టి ఆయన తినొచ్చా? బాబుకు లంచ్ బాక్సులో పెట్టొచ్చా? పొద్దున్నే త్వరగా అయిపోయే పద్ధతి చెప్పండి.
— ఓ కోడలు, ప్లేనో

సమాధానం: రుచి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ వారి చేతిలోంచి ఆ శాండ్‌విచ్ తీసేయండి.

పేరులో ఇమిటేషన్ అని ఉంది కదా, ఇందులో పీత ఉండదులే అని చాలామంది అనుకుంటారు. ముక్క చేపదే, నిజమే. కానీ పీత వాసన రావడానికి చాలా కంపెనీలు అసలు పీత నుంచి తీసిన సారాన్ని కొద్దిగా కలుపుతాయి. పడనివాళ్ళకు ఆ కొద్దీ చాలు. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టిక కింద "కంటెయిన్స్" అని మొదలయ్యే వరస ఉంటుంది, అది చదవండి. అమెరికాలో 2006 నుంచి చేప, పీత-రొయ్య జాతి, గుడ్డు, గోధుమ, సోయా, పాలు, వేరుశనగ, బాదం లాంటి గింజలు ఉంటే ఆ సంగతి లేబుల్ మీద స్పష్టంగా చెప్పి తీరాలి. 2023 నుంచి నువ్వులూ ఆ జాబితాలో చేరాయి. మీ ప్యాకెట్ మీద క్రస్టేషియన్ షెల్‌ఫిష్ (పీత-రొయ్య జాతి) అనో, క్రాబ్ అనో కనబడితే ఇక ఆలోచించే పనే లేదు. కనబడకపోయినా సరే, అలర్జీ డాక్టర్‌ను అడగందే ఆయనకు పెట్టొద్దు. "కొంచెం తిని చూస్తే పోలా" అనే ప్రయోగాలు ఇంట్లో చేయకండి. ఈసారి దద్దుర్లు వచ్చినవాళ్ళకు మరోసారి ఊపిరే అందకపోవచ్చు.

చేపలు ఆయనకు పడతాయనుకుంటే డబ్బా ట్యూనాతో ఇదే సలాడ్ చేసి పెట్టండి. ఆయనది ముందుగా వేరే గిన్నెలో కలిపి మూతపెట్టి, ఆ తర్వాతే క్రాబ్ ప్యాకెట్ కత్తిరించండి. ఒకే చెంచా, ఒకే కటింగ్ బోర్డు రెండింటికీ వాడితే మీ జాగ్రత్తంతా బూడిదలో పోసిన పన్నీరే.

అన్నట్టు ఆ వరసలో గోధుమ, గుడ్డు, సోయా కూడా చాలాసార్లు కనబడతాయి. పాట్‌లక్‌కు మీరే చేసి పట్టుకెళ్ళేటప్పుడు ప్యాకెట్ కవర్ పారేయకుండా డబ్బా పక్కనే పెట్టండి. బాబు క్లాసులో ఎవరికి ఏం పడదో మనకేం తెలుసు?

ఇప్పుడు మీ అత్తగారి ప్రశ్న. పీతెక్కడుందని ఆవిడ అడగడం న్యాయమే, పీత కండ లేదు కాబట్టి. ఉన్నది ఎక్కువగా అలాస్కా పొలాక్ అనే తెల్ల చేప. దాని కండను మెత్తగా చేసి, చల్లటి నీళ్ళలో పదే పదే కడుగుతారు. కొవ్వు, నెత్తురు, నీచు వాసన అన్నీ ఆ నీళ్ళతో పోతాయి. రంగూ రుచీ లేని తెల్లటి ముద్ద మిగులుతుంది. దాన్నే సురిమి అంటారు. సురిమి జపాన్‌లో ఎప్పట్నుంచో ఉంది గానీ, గడ్డకట్టిస్తే పాడైపోయేది. 1960 ప్రాంతంలో అక్కడి హొక్కైడో దీవిలో పరిశోధకులు దానికి ఉపాయం కనిపెట్టారు: పంచదార కలిపితే ఫ్రీజర్‌లో పెట్టినా చేపలోని ప్రొటీన్ చెడదు. ఇప్పుడు పంచదారతో పాటు సార్బిటాల్ అనే తీపి పదార్థం కూడా వేస్తారు.

మీ శాండ్‌విచ్ తియ్యగా ఉండడానికి కారణం అదీ. మీ వంటలో తప్పు లేదు, ప్యాకెట్‌లోనే తీపి ఉంది. చాలా రకాల మయొనైజ్‌లలోనూ కొద్దిగా పంచదార ఉంటుంది. తెల్ల బ్రెడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడు తీపులు కలిశాక పులుపు, ఘాటు వేయకపోతే ఇక రుచేముంటుంది?

ఆ ముద్దకు పిండి, గుడ్డు తెల్లసొన, ఉప్పు, వాసన కలిపి, పల్చటి పొరలా పరిచి ఉడికిస్తారు. ఆ పొర మీద సన్నటి గాట్లు పెట్టి, చుట్టి, తాడులా చేసి, పైన ఎర్ర రంగు అద్ది ముక్కలు కోస్తారు. ఒక కర్ర తీసుకుని పై ప్లాస్టిక్ ఒలిచి, చివర బొటనవేలితో నొక్కి చూడండి. దారం పోగుల్లా విడిపోతుంది. పీత కాలులో కండ పోగులుగా ఉంటుంది చూశారూ, దానికి నకలన్నమాట. 1970లలో జపాన్‌లోని సుగియో అనే కంపెనీవాళ్ళు జెల్లీఫిష్‌కు నకలు చేయబోతే అది కుదరక, పీతలా అనిపించేదొకటి తయారైందని చెబుతారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు కదా, ఇక్కడ ఆ కోతే కోట్ల వ్యాపారమైంది. మీ ఊళ్ళో కాలిఫోర్నియా రోల్ అనే సుషీ ఎక్కడ తిన్నా లోపల చాలావరకు ఉండేది ఇదే.

కాబట్టి అమలాపురం మండపీతతో దీన్ని పోల్చొద్దని మీ అత్తగారికి చెప్పండి. డిప్పలో కొవ్వు, గుడ్డు, గోళ్ళు పగలగొట్టి జుర్రుకోవడం, ఇవేవీ ఇందులో లేవు, రావు. ఇగురుకు పనికిరాదు, పులుసుకు అసలే పనికిరాదు. మీరు వేయిస్తే రబ్బరైందన్నారు కదా, కారణం తేలికే: అది ఫ్యాక్టరీలోనే పూర్తిగా ఉడికి వచ్చింది. మళ్ళీ పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచితే లోపలి నీరు బయటికి పోయి గట్టిపడుతుంది. లోపలున్న పంచదార వల్ల పైన త్వరగా మాడుతుంది కూడా. వేడిగా కావాలంటే దించబోయే ముందు వేసి ఒక నిమిషం ఉంచండి, అంతే. శాండ్‌విచ్‌కైతే పొయ్యి వెలిగించే పనే లేదు. ఈ వంటకంలో నాకు నచ్చేది అదే.

ఇక అసలు విషయం. ఇది అమెరికా సూపర్ మార్కెట్ల డెలి కౌంటర్‌లో, అంటే తయారు వంటకాలు అమ్మేచోట, అద్దాల వెనక ట్రేలలో కనబడే సీఫుడ్ సలాడ్. పౌండ్ల లెక్కన తూచి ఇస్తారు. అమెరికా ఈశాన్యాన న్యూ ఇంగ్లాండ్ వైపు వెన్న రాసి కాల్చిన పొడుగాటి బన్నులో పెట్టి రోల్ అంటారు. అసలైన లాబ్‌స్టర్ రోల్‌కి ఇది చవక చెల్లెలు. అక్కడి నుంచి మనం నేర్చుకోవాల్సింది ఆ కాల్చిన బన్నే. దాని సంగతి కిందకొస్తుంది.

ఎనిమిది ఔన్సుల ప్యాకెట్, అంటే సుమారు 225 గ్రాములు, మూడు శాండ్‌విచ్‌లకు సరిపోతుంది. ఫ్రీజర్‌ది అయితే ముందు రోజు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి మార్చండి. మైక్రోవేవ్‌లో కరిగిస్తే అంచులు గట్టిపడతాయి, నడుమ మంచు అలాగే ఉంటుంది. పొద్దున్నే ప్యాకెట్ కత్తిరించి అందులో నీళ్ళు సింక్‌లో ఒంపేయండి. కర్రలను పేపర్ టవల్ మీద పరిచి, పైన ఇంకో టవల్ వేసి అరచేత్తో మెల్లగా ఒత్తండి. టవల్ ఎంత తడుస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. ఆ తడంతా మొన్న మీ బ్రెడ్డులోకి పోయింది. ఈ వంటలో ఒక్క పనే శ్రద్ధగా చేయగలనంటే ఇది చేయండి, మిగతావి అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

తర్వాత కత్తి పక్కన పెట్టి చేత్తో పోగులుగా చీల్చండి. మరీ సన్నగా వద్దు, కొన్ని లావుగా ఉంటే పంటికి తగులుతాయి. కత్తితో చక్రాల్లా కోస్తే మయొనైజ్ పట్టక జారిపోతుంది, చూడ్డానికి కూడా హాస్టల్ సలాడ్‌లా ఉంటుంది.

కరకరలాడేది ఒకటి కావాలి. డెలి వాళ్ళు సెలరీ అనే ఘాటు వాసన కాడలు వేస్తారు. ఒక కాడ చాలు, పీచు తీసి సన్నగా తరగండి. ఆ వాసన ఇంట్లో ఎవరికీ పడకపోతే కీర దోసకాయ వేసుకోవచ్చు గానీ గింజల భాగం చెంచాతో గీకి పారేయండి, లేదంటే మళ్ళీ నీళ్ళే. ఉల్లిపాయ ఒక టేబుల్ స్పూన్, చాలా సన్నగా. పచ్చి ఘాటు పిల్లాడికి నచ్చదనుకుంటే తరిగాక చల్లటి నీళ్ళలో రెండు నిమిషాలుంచి పిండండి.

కలిపేదానికి మూడు టేబుల్ స్పూన్ల మయొనైజ్, ఒక టేబుల్ స్పూన్ గ్రీక్ యోగర్ట్. మన ఇంటి పెరుగైతే గుడ్డలో వడకట్టినదే వాడాలి. ఒక టీస్పూన్ నిమ్మరసం, మిరియాల పొడి దండిగా. ఓల్డ్ బే అనే మసాలా పసుపు డబ్బాలో దొరుకుతుంది, అర టీస్పూన్ వేయండి. సెలరీ ఉప్పు, ఎండుమిర్చి, మిరియాల రుచి ఉంటుంది దానికి. జర్మనీలో నాజీల బారి నుంచి తప్పించుకుని అమెరికాలోని బాల్టిమోర్ చేరిన గుస్తావ్ బ్రున్ తయారుచేసిన మసాలా అది. అక్కడివాళ్ళు ఉడికించే పీతల మీద దాన్నే గుప్పిళ్ళతో చల్లుతారు. పీత లేని పీతకు పీత మసాలా తగిలిస్తే నాలుక సగం మోసపోతుంది. అందులోనే ఉప్పుంది, క్రాబ్ స్టిక్స్‌లోనూ ఉంది. విడిగా ఉప్పు వేయకండి.

ఒక గిన్నెలో ముందు మయొనైజ్, పెరుగు, నిమ్మరసం, మసాలా కలిపి నాలుక మీద వేసుకుని చూడండి. ఒట్టిగా తింటే కాస్త పుల్లగా, ఘాటు ఎక్కువైనట్టు ఉండాలి. క్రాబ్ కలిశాక తీపి దాన్ని మింగేస్తుంది. ఇక్కడే సమంగా ఉందనిపిస్తే శాండ్‌విచ్ మళ్ళీ తియ్యగానే వస్తుంది.

మీ అత్తగారి కోసం ఇంకో దారి ఉంది, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. ఓల్డ్ బే మానేసి ఆవపిండి వేయండి. ఆవకాయకు కొట్టించింది మిగిలే ఉంటుంది కదా! పావు టీస్పూన్ ఆవపిండిలో అంతే చల్లటి నీళ్ళు పోసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. తడి తగిలాకే ఆవఘాటు పుడుతుంది. నిమ్మరసం ముందే పోస్తే ఆ ఘాటు పుట్టకుండానే ఆగిపోతుంది, అందుకే పులుపు చివర్లో. దాంతో పాటు గింజలు తీసిన పచ్చిమిర్చి ఒకటి, కొత్తిమీర కాడలతో సహా కొంచెం. ముక్కు పుటాల దాకా ఎక్కే ఆ ఘాటుకు క్రాబ్ తీపి బాగా కుదురుతుంది. బాబు వాటా తీశాకే ఇది కలపండి.

క్రాబ్, సెలరీ, ఉల్లి వేసి ఫోర్కుతో తేలిగ్గా కలపండి. కూర కలిపినట్టు గరిటెతో నలిపితే పోగులన్నీ ముద్దైపోతాయి. తినబోయే ముందు కలుపుకుంటేనే బాగుంటుంది. ఉప్పు తగిలాక ఉల్లి, సెలరీ నీళ్ళు వదలడం మానవు. రాత్రే కలిపి ఉంచక తప్పదంటే కూరగాయలు విడిగా పెట్టి, పొద్దున కలపండి.

బ్రెడ్డును కాల్చాలి. పెనం మీద వెన్న వేసి, లోపలికి వచ్చే వైపు మాత్రమే కాల్చండి. పైన మెత్తగా, లోపల గట్టిగా ఉంటుంది. ఆ వెన్న పొర తడిని బ్రెడ్డులోకి దిగనివ్వదు. దాని మీద నీళ్ళు బాగా తుడిచిన లెట్యూస్ ఆకు, ఆపైన సలాడ్. లెట్యూస్ కూడా కడిగి తడిగానే పెట్టేవాళ్ళున్నారు, ఇంత కష్టపడి క్రాబ్‌ను ఆరబెట్టింది ఎందుకట మరి?

మయొనైజ్ గురించి ఆవిడ విన్నది అబద్ధం కాదు. హైదరాబాద్‌లో మోమోలు తిని చాలామంది జబ్బుపడ్డాక, 2024 అక్టోబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. కానీ అది పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌కే. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే ప్రమాదముంది. బండి మీద, హోటల్లో అప్పటికప్పుడు గిలకొట్టి ఎండలో పెట్టి వాడితే అది బాగా పెరుగుతుంది. మీరు స్టోర్‌లో కొనే సీసాలో పాశ్చరైజ్ చేసిన (వేడితో క్రిములు చంపిన) గుడ్లు వాడతారు, పైగా వెనిగర్ పులుపుంటుంది. మూత తీశాక ఫ్రిజ్‌లో ఉంచితే దానితో ఇబ్బంది లేదు. ఇంట్లో పచ్చి గుడ్డుతో చేయాలన్న సరదా మాత్రం వద్దు, పెద్దవాళ్ళు, పిల్లలు తినేచోట అసలే వద్దు. నమ్మకం కుదరకపోతే ఎగ్‌లెస్ సీసా కొనండి, రుచిలో పెద్ద తేడా తెలీదు. క్రాబ్ స్టిక్స్‌లోనే తెల్లసొన ఉండొచ్చన్న సంగతి మాత్రం గుడ్డు తిననివాళ్ళు గుర్తుంచుకోవాలి.

ఆవిడ బీపీ, షుగర్ విషయంలో నేను మయొనైజ్ కంటే ఈ కర్రల గురించే ఎక్కువ ఆలోచిస్తాను. 85 గ్రాముల క్రాబ్ స్టిక్స్‌లో 80 కేలరీలే. చూడ్డానికి మంచిదే అనిపిస్తుంది. కానీ పిండి, పంచదార కలిపి సుమారు 12 గ్రాముల కార్బోహైడ్రేట్లు, ప్రొటీన్ ఆరేడు గ్రాములు మాత్రమే ఉంటాయి. అంతే బరువున్న అసలు పీత కండలో పిండిపదార్థం దాదాపు ఉండదు, ప్రొటీన్ దీనికి రెట్టింపు పైనే. ఉప్పులో ఉండే సోడియం చాలా బ్రాండ్లలో 400 మిల్లీగ్రాములు దాటుతుంది. బ్రెడ్డులో, మయొనైజ్‌లో ఉన్నది అదనం. రోజంతటికీ 2,300 మిల్లీగ్రాములు మించొద్దంటారు, బీపీ ఉన్నవాళ్ళకు ఇంకా తక్కువ. కాబట్టి ఆవిడకు ఎప్పుడో ఒకసారి, ఒకే బ్రెడ్డు ముక్క మీద, మయొనైజ్ తగ్గించి పెరుగు పెంచి పెట్టండి. వారం వారం వద్దు. నిజంగా పీతే తినాలని ఉంటే గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరం మీ టెక్సాస్‌లోనే ఉంది. నీలి పీతలు దొరికే రోజుల్లో ఒకసారి తెచ్చి, ఇగురు ఆవిడ చేతే పెట్టించుకోండి. ఆ రోజు మీ వారికి బయట భోజనం.

లంచ్ బాక్సులో పెట్టొచ్చు, చల్లగా ఉంచగలిగితేనే. ఇలాంటివి బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. టెక్సాస్‌లో స్కూళ్ళు తెరిచే ఆగస్టు ఎండ గురించి మీకు నేను చెప్పాలా? వేడిని ఆపే బ్యాగులో, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచిన ఐస్ ప్యాకులు రెండు, డబ్బాకు కింద ఒకటి, పైన ఒకటి పెట్టండి. సలాడ్ డబ్బాను కూడా రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచండి. ఐస్ ప్యాక్ చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచుతుందే తప్ప, గది వేడిలో ఉన్నదాన్ని చల్లార్చలేదు. బ్రెడ్డు విడిగా కట్టండి, లంచ్ టైమ్‌లో వాడే పెట్టుకుంటాడు. ఇంటికి తిరిగొచ్చిన మిగులు చెత్తబుట్టలోకే, మీరు తినేయడం వద్దు.

ఇంట్లో కలిపిన సలాడ్ ఫ్రిజ్‌లో మూడు రోజుల్లో అయిపోవాలి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, మయొనైజ్ విరిగిపోతుంది. కలపకుండా మిగిలిన కర్రలను మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయండి. జిగురుగా తగిలినా, పుల్లటి వాసన వచ్చినా ఖరీదు చూడకుండా పారేయండి. బాగున్నవైతే మర్నాడు పొద్దున ఆమ్లెట్ సగం గట్టిపడ్డాక పైన చల్లి మడిచేయండి. ఉల్లి, పచ్చిమిర్చి, మిరియాలు మామూలే, ఉప్పు మాత్రం సగమే.